కాజీపల్లి ఒలీవ చెట్టు

కాజీపల్లి,
ఫిబ్రవరి 9.

అక్క ఇందిరమ్మకు తమ్ముడు పోచయ్య తల వంచి చేసే వందనాలు.

నా నంబరును నువ్వు బ్లాకులో పెట్టావని తెలుసు. ఏడేళ్ళుగా నా ఫోను నీ ఇంట్లో మోగలేదు. అందుకే ఈ కాగితం. పౌలు సంకెళ్ళలో ఉండి కూడా సంఘాలకు ఉత్తరాలు రాశాడు. ఫ్యాక్టరీలో బాయిలర్ ముందు ఎనిమిది గంటలు ఉడికి వచ్చిన నాకు, సొంత అక్కకు ఒక ఉత్తరం రాయడం బరువా?

కవరులో ఒక రెమ్మ పెట్టాను. నీ చేతికి చేరేసరికి వాడిపోతుంది. విసిరేయకు. జలప్రళయం తగ్గిందో లేదో చూసి రమ్మని నోవహు పావురాన్ని వదిలితే, అది సాయంత్రానికి ముక్కున ఒలీవ ఆకు కరుచుకొని తిరిగొచ్చింది. ఆ ఒక్క ఆకును చూసి ముసలాయన నీళ్ళు తగ్గాయని తెలుసుకున్నాడు. మన మధ్య నీళ్ళు తగ్గాయో లేదో నాకు తెలియదు. ఆకు మాత్రం పంపుతున్నాను.

ఇది నా చెట్టు ఆకే. నాలుగేళ్ళ క్రితం ముంబై హైవే పక్కన ఒక నర్సరీలో కనబడింది. "బ్లాక్ ఆలివ్" అని చీటీ కట్టి ఉంది. నా ఒళ్ళు జలదరించింది అక్కా! గ్రంథంలో తప్ప ఎక్కడా ఎరగని చెట్టు, నల్ల ప్లాస్టిక్ సంచిలో వేళ్ళు ముడుచుకొని, బంతిమొక్కల పక్కన నిలబడి ఉంది. కండక్టర్ అరుస్తున్నా బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చాను. నేను ఆదివారాలు వాక్యం చెప్పే ప్రార్థన గది ముందు నాటాను. ఇప్పుడు మిద్దెను దాటింది.

ఒక్క చెట్టుకు ఎన్ని అర్థాలో! మా షిఫ్టులో బీహారు నుంచి వచ్చిన ముస్లిం సోదరుడొకాయన దాన్ని జైతూన్ అంటాడు. వాళ్ళ గ్రంథంలో దేవుడు ఆ చెట్టు మీద ఒట్టు పెట్టాడట. గేటు దగ్గర కాపలా ఉండే మాజీ సైనికుడికి అది రంగు: "పదిహేడేండ్లు ఒలీవ్ రంగే తొడిగిన అన్నా" అంటాడు. మెడికల్ షాపులో అది పసిపిల్లల ఒంటికి రాసే నూనె. మాకు అది అభిషేకం, శాంతి సమాధానాలు, ప్రభువు చెమటోడ్చి ప్రార్థించిన కొండ.

చెట్టు ఈ ఏడు మొగ్గ తొడిగింది. ఏప్రిల్ చివరి ఆదివారం ప్రథమ ఫల పండుగ పెట్టాం. నువ్వు వచ్చి ముందు వరసలో కూర్చోవాలి. నా ఇంట్లో ఒక పూట తినాలి. ఇంతకుమించి నేనేమీ అడగను. జరిగిందేదో జరిగిపోయింది. పాతవి గతించాయి.

నీ తమ్ముడు
పోచయ్య


కర్దనూర్,
ఫిబ్రవరి 20.

పోచయ్యకు,

ఉత్తరం అందింది. ఆకు గూడ అందింది.

"జరిగిందేదో జరిగిపోయింది" అని రాసినవ్. ఏం జరిగిందో రాయనీకి చెయ్యి రాలేదా? నేను రాస్త, ఇను.

నీకు ముందు అమ్మకు ముగ్గురు పుట్టి పోయిన్రు. గట్టు మీది యాపచెట్టు కింద పోచమ్మకు మొక్కితే నువ్వు దక్కినవ్. అందుకే నీకు ఆ పేరు. నా పెండ్లప్పుడు నాయిన పసుపు కుంకుమ కింద నాకు ఎకరం ఇచ్చిండు. చెట్టు నా పాలుకు వచ్చింది. నువ్వు నీళ్ళల్ల మునిగి మతం పుచ్చుకున్న నెలకు, బోనాలకు ఒకదినం ముందు, నేను ఇంట్ల లేంది చూసి, గొడ్డలితోని దాన్ని మొదలుకు నరికినవ్. తెల్లారి నేను నెత్తిన బోనం, బోనం మీద దీపం పెట్టుకొని గట్టెక్కిన. అక్కడ మొద్దున్నది. దీపం ఆరనియ్యకుండ ఆ మొద్దు ముందలనే దించిన.

జరిగింది గిది.

నువ్వు నా గడప తొక్కొద్దని, నేను నీ గడప తొక్కనని ఆ దినం ఒట్టు పెట్టుకున్న. ఇంకోటి. ఆ ఉత్తరంల తెలుగేందిరా? అక్కతోని మాట్లాడుతున్నవా, మైకు ముందు నిలబడ్డవా?

నా మనుమరాలు నిహారిక సంగారెడ్డిల తోటల చదువు చదువుతున్నది. నీ రెమ్మను ఎల్తురుకు పట్టి శానసేపు చూసింది. బుక్కుల పెట్టుకున్నది.

నేను రాను.

ఇందిరమ్మ


కాజీపల్లి,
మార్చి 12.

అక్కకు వందనాలు.

నీ ఉత్తరాన్ని మూడు రోజులు మళ్ళీ మళ్ళీ చదివాను. నాలుగో రోజు గిద్యోను గుర్తొచ్చాడు. నీ తండ్రి నిలబెట్టిన బలిపీఠాన్ని పడగొట్టు, దాని పక్కనున్న దేవతాస్తంభాన్ని నరుకు అని దేవుడు అతనికి ఆజ్ఞ ఇచ్చాడు. అతను ఊరికి భయపడి రాత్రిపూట నరికాడు. నేను పట్టపగలు నరికాను! ఆజ్ఞ వచ్చినప్పుడు అక్క అని, అమ్మ మొక్కు అని వెనక్కి చూస్తే లోతు భార్యలా ఉప్పుస్తంభం అవుతాం. నీ మనసు నొచ్చింది, ఒప్పుకుంటాను. పని తప్పని మాత్రం ఒప్పుకోను.

అది పక్కన పెట్టు. ఇక్కడి సంగతి విను. మొగ్గలు విచ్చాయి. కంకుల్లాగా, లేత పసుపు రంగులో, చీమలు మూగేంతగా! మా సంఘంలో కిష్టప్ప అని లారీలకు లోడు ఎత్తే మనిషి ఉన్నాడు. నేను తుమ్మినా "ఆమెన్" అంటాడు. సంగారెడ్డిలో చెక్క గానుగవాడితో మాట్లాడి పెట్టాడు. మొదటి కాయలు ఆడించి ఆ నూనెతోనే రోగులకు ప్రార్థన చేయాలని అతని ఆశ.

ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే లక్ష్మీప్రసన్న అనే అమ్మాయి కడుపుతో ఉన్నన్నాళ్ళూ అన్నం డబ్బా తెచ్చుకొని ఈ చెట్టు కిందే తినేది. జనవరిలో ఆడపిల్ల పుట్టింది. ఒలీవ అని పేరు పెట్టింది. వాళ్ళ అత్త "గిదేం పేరే, నూనె డబ్బా మీది పేరు" అని గొణిగింది. నేను ఆ పసిదాన్ని ఎత్తుకొని, నూట ఇరవై మంది ముందు చెప్పాను: "ఈ చెట్టు కాయకుంటే, ఇగ నేను మైకు పట్టను!" గది అదిరిపోయేటట్టు చప్పట్లు కొట్టారు.

కరపత్రం కూడా పంపుతున్నాను. బొంతపల్లి, గుమ్మడిదల సంఘాలకు పంచాం. ముందు వరసలో నీ కుర్చీ ఖాళీగానే ఉంచుతాను.

పోచయ్య


కర్దనూర్,
మార్చి 30.

పోచయ్యా,

కూసొని సదువు. నిలబడి సదవకు.

నీది ఒలీవ చెట్టు కాదు.

ఇది నాకు ఫిబ్రవరిలనే తెలుసు. నీ రెమ్మ వచ్చిన దినమే నిహారిక చెప్పింది.

"నాయనమ్మా, తాత మోసపోయిండే. ఇది మన మద్ది, తాని చెట్లు ఉంటయి చూడు, ఆ జాతిది. పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల ముందర నీడకు పెడతరు."

"మరి ఒలీవ అని చీటీ ఎందుకు కట్టిన్రే?"

"దాని పేరే గది. లోకంల ఒలీవ పేరున్న చెట్లు బోలెడు. సిలోన్ ఒలీవ ఒకటి, దాని కాయ పచ్చడి పెడతరు. రష్యా ఒలీవ ఇంకోటి. గవేవీ ఒలీవలు కావు. అసలుదాని ఆకు సన్నగ, పొడుగ్గ, కింది దిక్కు వెండి తీరు ఉంటది. గిది చూడు, చిన్న తెడ్ల లెక్క, కొసకు గుత్తిగ ఉన్నది."

"అసలుది పెడితే కాసేదా?"

"మన ఎండకు కష్టమే. దానికి గట్టి చలి పడాలె."

నీకు జెప్తనని పిల్ల ఫోను తీసింది. నేనే గుంజుకున్న. నోరు మూసుకొమ్మన్న. ఎందుకో దాచుకోకుండ రాస్త: నువ్వు అందరి ముందల తలకాయ దించుకునే దినం చూడాలనుకున్న. బోనం ఎత్తుకొని మొద్దు ముందు నేను నిలబడ్డట్టు, నువ్వు నిలబడాలనుకున్న. నెలరోజులు ఆ ఆశతోనే మెతుకు మింగిన. తర్వాత నీ కరపత్రం వచ్చింది. ఆ లక్ష్మీప్రసన్న సంగతి రాసినవ్. పసిపిల్ల నీకేం చేసిందిరా, నాకేం చేసింది? ఆ దినం సంది మెతుకు దిగుతలేదు.

పండుగకు ఇంకా నెల ఉన్నది. పువ్వు రాలిపోయిందని చెప్పు. పురుగు పట్టిందని చెప్పు. ఎవ్వరు అడగరు. నేను ఎవ్వరికి చెప్పను. నిహారిక గూడ చెప్పదు. నీ పరువు నా చేతిల ఉన్నది. దాన్ని నరకను.

ఇందిరమ్మ


కాజీపల్లి,
ఏప్రిల్ 6.

ఇందిరమ్మ గారికి,

నీ పోచమ్మ చెట్టు పోయిందని నా ఒలీవ మీద పగబట్టావు. ఇరవై ఏళ్ళ పిల్ల ఆకును చూసి తీర్పు చెబితే నేను నమ్మాలా? నాలుగేళ్ళు నీళ్ళు పోసినవాడికి తన చెట్టు తెలియదా? సర్పం కూడా తోటలోకి మెల్లగా, మంచి మాటలు చెబుతూనే వచ్చింది. దానితో వాదన పెట్టుకున్నందుకే హవ్వ పోగొట్టుకుంది. నేను పెట్టుకోను.

పండుగ జరుగుతుంది. చెట్టు కాస్తుంది.

పోచయ్య


కర్దనూర్,
ఏప్రిల్ 11.

పోచయ్యా,

ఆకు నీ ఇంటి ముందలనే ఉన్నది. వెనుకకు తిప్పి చూడు.

ఇందిరమ్మ


కాజీపల్లి,
ఏప్రిల్ 28.

అక్కా,

నువ్వన్నట్టు మైకు దించి రాస్తున్న. తప్పులుంటే మన్నించు, ఈ తెలుగు రాసి శాన రోజులైంది.

ఆకు తిప్పి చూసిన. వెండి లేదు. రెండు దిక్కుల ఒకటే పచ్చ.

అయినా మనసు ఒప్పక నర్సరీకి పోయిన. ఆయన బంతిమొక్కలకు నీళ్ళు కొడుతున్నడు. "నాలుగేండ్ల కింద నువ్వు ఒలీవ అని అమ్మినవ్, అది కాస్తదా?" అన్న. "కాయలా? పేరు ఒలీవ అన్న గని, కాస్తదని అన్ననా సార్? మీరు అడగనేలే" అన్నడు. తిడదామనుకున్న. నిజమే, నేను అడగలే. చీటీ సదివిన, గ్రంథం యాదికొచ్చింది, పైసలిచ్చిన.

ఇంటికొచ్చి నువ్వు చెప్పిన ఉపాయమే పట్టుకున్న. పురుగు. వెతికితే దానికి వాక్యం గూడ దొరికింది. యోనాకు నీడనిచ్చిన తీగను తెల్లారేసరికి పురుగు తినలేదా? ప్రసంగం మొత్తం రాసుకున్న. బ్రహ్మాండంగ వచ్చింది. సదువుకుంటుంటే నాకు భయమైంది అక్కా. అబద్ధానికి గూడ గ్రంథంల నుంచి వాక్యం తియ్యగలుగుతున్న. అట్లయితే ఇన్నేండ్లల్ల ఎన్నిటికి తీసిన? నీ యాపచెట్టు కాడ గిద్యోనును ఎవరు తెచ్చిన్రు, దేవుడా, నేనా? ఆజ్ఞ ఆయనకొచ్చింది. నాకు ఎవ్వరు చెప్పలే. కొత్తగ మునిగొచ్చిన కాక మీద, నలుగురు మెచ్చుకోవాలని, నేనే గొడ్డలి పట్టిన.

ఆ కాగితం చింపిన.

నిన్న మూడు సంఘాల జనం వచ్చిన్రు. షామియానా కింద చోటు చాలలే. నేను లేచి, "ఇది ఒలీవ కాదు. నేను తెలుసుకోకుండ మీకు చెప్పిన. ఇది కాయదు. కాయకుంటే మైకు పట్టనన్న, ఇయ్యాల్టితోని పట్టను" అన్న. వెనుక నుంచి ఎవరో నవ్విన్రు. బొంతపల్లి నుంచి వచ్చినాయన కరపత్రం మడతపెట్టి చెప్పుల కాడికి నడిచిండు.

కిష్టప్ప లోపలికి పోయిండు. గొడ్డలి పట్టుకొని వచ్చిండు.

"జరుగు అయ్యా."

"ఏం చేస్తవ్ కిష్టప్పా?"

"ఫలించని చెట్టును నరికి అగ్గిల ఎయ్యమన్నది నువ్వే గదా. గానుగోని ముందల నా ఇజ్జత్ పోయింది. పేరు ఒకటి, పుట్టుక ఒకటి. దొంగ చెట్టు ఇది!"

వాని మొఖంల నన్ను చూసిన అక్కా. ఏడేండ్ల కింద గట్టు మీద ఉన్నోన్ని. అదే చెమట, అదే కండ్లు. చెట్టుకు వీపు ఆనించి నిలబడ్డ.

"చెట్టు ఎన్నడన్న చెప్పిందా, నేను ఒలీవనని? పేరు మనం పెట్టినం. దొంగ మాట నాది. నరికితే నన్ను నరుకు."

"గట్లెట్ల అయ్యా..."

"ప్రభువు చెప్పిన కథల తోటమాలి యజమానితోని ఏమన్నడు? ఈ ఒక్క ఏడు ఉండనియ్యి, చుట్టు తవ్వి ఎరువేస్త అన్నడు. అదీ నేనే చెప్పిన గదా, అది యాదికి లేదా నీకు?"

అందరి ముందల యాపచెట్టు సంగతి చెప్పిన. నువ్వు బోనం ఎత్తుకొని గట్టెక్కింది చెప్పిన. దీపం సంగతి చెప్పిన. దాచలే. కిష్టప్ప గొడ్డలి కింద పెట్టి, షామియానా కట్టెకు ఆనుకొని ఏడ్చిండు.

అప్పుడు లక్ష్మీప్రసన్న లేచింది. సంకల పిల్ల.

"మరి నా బిడ్డ పేరు మార్చాల్నా అయ్యా?"

"నీ ఇష్టం తల్లీ. తప్పు నాది."

"ఎందుకు మారుస్త? నాకు ఏడో నెలల కాళ్ళు వాస్తే, మా ఫోర్‌మన్ కూసోనియ్యలే. ఈ చెట్టు కూసోనిచ్చింది. దానికి మీరు ఏం పేరన్న పెట్టుకోన్రి. నా బిడ్డది ఒలీవనే."

వాళ్ళ అత్త, "ఔ, నాకు గూడ అలవాటైంది పేరు" అన్నది. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన.

వండిన అన్నం ఆ నీడలనే తిన్నరు. వచ్చే వారం సంది వాక్యం లక్ష్మీప్రసన్న సదువుతది. నేను సాపలు పరుస్త.

అక్కా, నీ చెట్టును నరకడం తప్పు. నా దేవున్ని నేను ఇడువలే, ఇడువను. ఆయన ముందలనే మోకాళ్ళ మీద కూసొని ఇది రాస్తున్న. నన్ను గడప తొక్కనియ్యమని అడుగుతలేను. తప్పు అని రాయాలె, రాసిన.

పోచయ్య


కర్దనూర్,
జూన్ 8.

తమ్మీ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. రోజు తీసి సదువుతున్న, పెడుతున్న. నిహారిక, "రాయరాదే నాయనమ్మా, కాగితం చిరుగుతది" అని పరేషాన్ చేస్తున్నది.

నీకు ఒకటి చెప్పాలె. ఏడేండ్ల సంది దాచిన.

యాపచెట్టు సావలే.

నువ్వు నరికిన నెలకు, వానలు జోరు పట్టంగనే, మొద్దు పక్కకెల్లి చిగుర్లొచ్చినయి. నాకు సంబురం గాలే, భయమైంది. పోచిగానికి తెలిస్తె మళ్ళ వస్తడు అని. చుట్టు తుమ్మకంప ఏసిన. పాత చీరెలు అడ్డం కట్టిన. మొదట్ల మొద్దు ఎండిపోయిందనే ఊర్లె చెప్పిన, పెరిగి కండ్లపడ్డంక నీ చెవిన పడనియ్యొద్దని అందరికి చెప్పిన. బోనం గూడ కంప ఇవతలనే పెట్టి వస్తున్న. కన్న బిడ్డను దాచినట్టు దాచిన తమ్మీ, నీ నుంచి.

ఇప్పుడు అది ఇంటి కన్న ఎత్తు ఉన్నది. నీ ఉత్తరం సదివినంక కంప తీసేయించిన. చీరెలు ఇప్పిన. గాలికి ఊగుతుంటే గట్టు గట్టంత సప్పుడు.

గని ఒక తిప్పలున్నది. ఒకే మొద్దు మీద ఆరు మొదళ్ళు లేచినయి. ఒకదాన్నొకటి తోసుకుంటున్నయి. నిహారిక చూసి, "గిట్లనే ఇడిస్తే ఏదీ బలపడది. గట్టిగాలికి మొద్దు కాడ చీలిపోతది. రెండు ఉంచి నాలుగు తియ్యాలె, వానలు జోరు కాకముందే" అన్నది. కూలికి మనిషిని పిలుస్తనన్నది. నేను వద్దన్న. దాని మీద పరాయి చెయ్యి పడనియ్యబుద్ధి అయితలేదు.

నువ్వు రా. నువ్వు మొక్కాలని లేదు. మొక్కేది నేను మొక్కుకుంట. నువ్వు నీ ప్రార్థన చేసుకుంటవో, ఊకె కూసుంటవో నీ ఇష్టం. ఆషాఢం వచ్చేలోపల పని కావాలె.

ఒట్టు సంగతి అడగకు. అది నాకు, పోచమ్మకు నడుమ ముచ్చట. నేను చెప్పుకున్న.

గొడ్డలి నీదే తెచ్చుకో. మా ఇంట్ల ఉన్నది మొండిది.

అక్క
ఇందిరమ్మ


కాజీపల్లి,
జూన్ 12.

అక్కా,

ఈ ఆదివారం పొద్దున మొదటి బస్సుకు వస్తున్న. ఆదివారాలు నాకు ఇప్పుడు తీరికే.

గొడ్డలి గోనెసంచిల సుట్టిన. వచ్చినంక నువ్వు నా పక్కనే నిలబడు. ఏ రెండు ఉంచాల్నో వేలు పెట్టి చూపించు. నువ్వు చూపించేదాక నేను చెయ్యి ఎత్తను.

నీ తమ్ముడు
పోచిగాడు